వెయ్యి రెట్లు అంటే ఎంత దూరం? అణుబాంబు, హైడ్రోజన్ బాంబు

(ఆగస్టు 6, హిరోషిమా దినం నాడు బరంపురంలో తెలుగు విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ఎదుట ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం, ఆ తర్వాతి ప్రశ్నోత్తరాలు)

అందరికీ నమస్కారం.

టీవీ చర్చల్లో, ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఒక మాట తరచు వింటుంటాం. "హైడ్రోజన్ బాంబు అణుబాంబు కన్నా వెయ్యి రెట్లు శక్తివంతమైనది" అని. పరీక్షలో రాస్తే మార్కు కూడా పడుతుంది. కానీ ఆ వెయ్యి ఎక్కడి నుంచి వచ్చింది? వెయ్యి రెట్లు శక్తి అంటే వెయ్యి రెట్లు దూరం కూలిపోతుందా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలియకుండానే పెద్దవాళ్ళు కూడా బాంబుల గురించి ధైర్యంగా మాట్లాడేస్తున్నారు. అది చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది. అందుకే ఇవాళ ఉపన్యాసం తగ్గించి లెక్క ఎక్కువ చేద్దాం.

మన పిల్లల్లో కొందరిది ఒడియా మీడియం, కొందరిది ఇంగ్లీషు మీడియం. ఫిషన్ అన్నా విచ్ఛిత్తి అన్నా ఒకటే, బరువైన కేంద్రకం చీలడం, అది అణుబాంబు పని. ఫ్యూజన్ అన్నా సంలీనం అన్నా ఒకటే, తేలికైన కేంద్రకాలు కలవడం, అది హైడ్రోజన్ బాంబు పని. నేను రెండూ వాడతాను.

1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొట్టి చూస్తే అందులో బేరియం కనిపించింది. బేరియం బరువు యురేనియం బరువులో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. అది అక్కడికి ఎలా వచ్చిందో వాళ్ళకు అంతుపట్టలేదు. కేంద్రకం రెండుగా చీలిపోయిందని లెక్కగట్టి చెప్పింది లీజె మైట్నర్, ఆమె మేనల్లుడు ఒట్టో ఫ్రిష్. యూదు కుటుంబంలో పుట్టినందుకు ఆమె అప్పటికే జర్మనీ వదిలి స్వీడన్‌లో తలదాచుకుంటోంది. నోబెల్ బహుమతి హాన్‌కు ఇచ్చారు, ఆమెకు ఇవ్వలేదు. ఆ అన్యాయాన్ని నేను ఏ క్లాసులోనూ చెప్పకుండా దాటను.

ఇప్పుడు లెక్క. ఎలక్ట్రాన్ వోల్టు అంటే పరమాణువుల శక్తిని కొలిచే అతి చిన్న కొలత. ఒక బొగ్గు పరమాణువు కాలితే వచ్చే శక్తి సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక యురేనియం కేంద్రకం చీలితే వచ్చేది సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే ఐదు కోట్ల రెట్లు. మామూలు మందుగుండుకూ అణుబాంబుకూ మధ్య ఉన్న అగాధం ఇదే.

మరి సంలీనం? హైడ్రోజన్‌లో బరువైన రకాలు రెండున్నాయి, డ్యుటీరియం, ట్రిటియం. వాటి కేంద్రకాలు కలిసి హీలియం అయితే, ఒక న్యూట్రాన్ బయటికొచ్చి, 1.76 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. పిల్లలు ఇక్కడ సరిగ్గా పట్టుకుంటారు. "విచ్ఛిత్తిలో 20 కోట్లు, సంలీనంలో రెండు కోట్లు కూడా లేదు, మరి సంలీనం ఎలా గొప్పది?" అని. మంచి ప్రశ్న. ఒక్కో చర్యను కాకుండా బరువును చూడాలి. అక్కడ చీలేది న్యూట్రాన్‌తో కలిపి 236 కణాల (ప్రోటాన్లు, న్యూట్రాన్ల) ముద్ద. ఇక్కడ కలిసేవి మొత్తం ఐదు కణాలు. 20 కోట్లను 236తో భాగిస్తే కణానికి సుమారు ఎనిమిదిన్నర లక్షలు. 1.76 కోట్లను 5తో భాగిస్తే కణానికి 35 లక్షలు. ఎంత తేడా? నాలుగు రెట్లు.

నాలుగు రెట్లే! కిలోటన్ను అంటే వెయ్యి టన్నుల టీఎన్‌టీ మందుగుండు పేలినంత శక్తి. కిలో యురేనియం పూర్తిగా చీలితే సుమారు 17 కిలోటన్నులు. కిలో డ్యుటీరియం, ట్రిటియం మిశ్రమం పూర్తిగా కలిస్తే సుమారు 80 కిలోటన్నులు. కిలోకు కిలో పెట్టి చూస్తే తేడా నాలుగైదు రెట్లు దాటదు. మరి ఆ వెయ్యి ఎక్కడిది?

అది ఇంధనంలో లేదు, హద్దులో ఉంది. విచ్ఛిత్తి బాంబుకు ఒక పైకప్పు ఉంది. సంలీన బాంబుకు అది లేదు. ఇవాళ నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం ఇదే కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఒక కేంద్రకం చీలితే వచ్చే న్యూట్రాన్లు పక్క కేంద్రకాలను చీల్చడం, అలా చీలుతూ పోవడమే శృంఖల చర్య. యురేనియంలో సులువుగా చీలే రకమైన యురేనియం-235 గానీ, ప్లుటోనియం గానీ ఒక పరిమాణం దాటి ఒకచోట చేరితే దానంతట అదే ఆ శృంఖల చర్య మొదలవుతుంది. ఆ పరిమాణాన్ని సందిగ్ధ ద్రవ్యరాశి అంటారు. అంటే పేలే క్షణం వరకూ ఆ పదార్థాన్ని ఆ హద్దుకు లోబడే ఉంచాలి. ఎంత కావాలంటే అంత పోగుచేసి పెట్టుకునే వీల్లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. పేలుడు మొదలవగానే, సెకనులో పదిలక్షల వంతులోనే, ఆ ముద్ద వేడికి ఉబ్బి చెదిరిపోతుంది. చెదిరిపోగానే శృంఖల చర్య ఆగిపోతుంది. హిరోషిమా బాంబులో సుమారు 64 కిలోల యురేనియం ఉంది. అందులో నిజంగా చీలింది ఒక కిలో కన్నా తక్కువ. మిగతాదంతా చీలకుండానే గాలిలో కలిసిపోయింది. శక్తిగా మారిన ద్రవ్యరాశి అయితే ఒక గ్రాము కూడా లేదు. 15 కిలోటన్నులు. ఆ ఏడాది ముగిసేలోపు సుమారు 1,40,000 మంది చనిపోయారు.

ఆ తర్వాత అమెరికా వాళ్ళు విచ్ఛిత్తిని ఎంత దూరం సాగదీయగలమో చూశారు. 1952 నవంబరులో ఐవీ కింగ్ అనే పరీక్షలో 500 కిలోటన్నులు వచ్చింది. కేవలం విచ్ఛిత్తితో పేల్చిన వాటిలో అదే అతి పెద్దది. ఆ దారిలో అంతకన్నా పైకి పోవడం ప్రమాదకరం, దండగ కూడా.

సంలీన ఇంధనానికి సందిగ్ధ ద్రవ్యరాశి అనేదే లేదు. డ్యుటీరియాన్ని ఎంత పోగుపెట్టినా దానంతట అది అంటుకోదు. రెండు కేంద్రకాలకూ ధనావేశమే కాబట్టి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. ఆ తోపుడును దాటించాలంటే కోట్ల డిగ్రీల వేడి, విపరీతమైన ఒత్తిడి కావాలి. సూర్యుడి నడిగర్భంలో వేడి సుమారు ఒకటిన్నర కోట్ల డిగ్రీలు. భూమి మీద బాంబు కోసం అలాంటి స్థితిని తెప్పించగలిగింది విచ్ఛిత్తి బాంబు ఒక్కటే. అందుకే ప్రతి హైడ్రోజన్ బాంబు లోపలా ఒక అణుబాంబు ఉంటుంది. గడ్డివాముకు నిప్పు పెట్టడానికి అగ్గిపుల్ల ఒకటే చాలు, మంట ఎంత ఎత్తుకు లేస్తుందన్నది వాము ఎంత పెద్దదన్న దాని మీద ఉంటుంది. ఇక్కడ అగ్గిపుల్ల విచ్ఛిత్తి, వాము సంలీనం. ఈ దారిని 1951లో ఎడ్వర్డ్ టెల్లర్, స్టానిస్లా ఉలామ్ కనిపెట్టారు.

కనిపెట్టిన మరుసటి ఏడే, 1952 నవంబరు 1న, పసిఫిక్‌లోని ఎనివెటాక్ పగడపు దీవుల్లో ఐవీ మైక్ పేల్చారు. 10.4 మెగాటన్నులు. మెగాటన్ను అంటే వెయ్యి కిలోటన్నులు. ఎలుగెలాబ్ అనే దీవి పటంలోంచి పోయింది, దాని స్థానంలో దాదాపు రెండు కిలోమీటర్ల వెడల్పు గొయ్యి మిగిలింది. ఐవీ కింగ్ పేల్చింది దాని తర్వాత రెండు వారాలకు, అదే చోట. ఒకే నెలలో విచ్ఛిత్తి చేరిన చివరి మెట్టు 500 కిలోటన్నులు, సంలీనం వేసిన మొదటి అడుగు 10,400 కిలోటన్నులు. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన రాసుకోండి.

మైక్ విమానంలో మోసుకుపోయే వస్తువు కాదు. డ్యుటీరియాన్ని ద్రవంగా నిలబెట్టడానికి శీతల యంత్రాలతో కలిపి కొన్ని పదుల టన్నుల బరువు. 1954 మార్చి 1న బికినీ దీవుల్లో పేల్చిన బ్రావో మాత్రం ఘన ఇంధనంతో చేసింది, లిథియం డ్యుటెరైడ్‌తో. సుమారు 6 మెగాటన్నులు వస్తుందని లెక్క వేసుకున్నారు. 15 వచ్చింది. అందులోని లిథియం-7 అనే రకం ఏ పనీ చేయదనుకున్నారు, అది కూడా ట్రిటియాన్ని పుట్టించింది. లోకంలోకెల్లా తెలివైన భౌతిక శాస్త్రవేత్తలు రెండున్నర రెట్లు తప్పారు. ఆ తప్పుకు మూల్యం చెల్లించింది మాత్రం వాళ్ళు కాదు.

ఈ సంగతి ముఖ్యంగా గోపాల్‌పూర్ నుంచి వచ్చినవాళ్ళు వినాలి. ఆ తీరంలో వేటకు పోయే నూలియాలు మన తెలుగు మాట్లాడేవాళ్ళే కదా. ఆ రోజు బికినీకి తూర్పున, అమెరికా ప్రకటించిన నిషేధ ప్రాంతానికి బయటే, ఒక జపాన్ ట్యూనా పడవ ఉంది. దాని పేరు దైగో ఫుకుర్యూ మారు. అందులో 23 మంది. తెల్లవారకముందే పడమటి దిక్కున ఆకాశం వెలిగింది. కొన్ని గంటల తర్వాత తెల్లని బూడిద రాలడం మొదలైంది. అది పేలుడుకు పొడైపోయిన పగడపు రాయి, రేడియోధార్మికత నిండా పట్టినది. వాళ్ళకేం తెలుసు? వలతాళ్ళు లాగుతూ, ఒంటి మీద, జుట్టులో, కళ్ళలో పడుతుంటే చేతులతో దులుపుకున్నారు. సాయంత్రానికి వాంతులు, తర్వాత చర్మం కాలిన పుళ్ళు, జుట్టు ఊడటం. రెండు వారాలకు యాయిజు రేవుకు చేరారు. పడవలో రేడియో చూసుకునే కుబోయామా అయికిచి సెప్టెంబరు 23న చనిపోయాడు. ఆయన వయసు 40. ఆ నెలల్లో జపాన్ చేపల బజార్లలో రేడియోధార్మికతను కొలిచే గైగర్ కౌంటర్లు పెట్టి చేపను పరీక్షించాల్సి వచ్చింది. పట్టిన చేపను గోతుల్లో పూడ్చారు. వేట మీద బతికే ఇంటికి దాని అర్థం ఏమిటో నేను మీకు చెప్పక్కర్లేదు.

రోంగెలాప్ అనే దీవిలో బూడిద మంచులా పడితే పిల్లలు అందులో ఆడుకున్నారు. మార్చి 3న గానీ వాళ్ళను అక్కడి నుంచి తీసుకుపోలేదు. 1957లో "ఇక భయం లేదు" అని తిరిగి తీసుకొచ్చి దించారు. 1985లో ఆ జనమే ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

ఇక్కడే ఇంకో అపోహ తీర్చుకోవాలి. సంలీనంలో పుట్టేది హీలియం, అది అమాయకమైన వాయువు, కాబట్టి హైడ్రోజన్ బాంబు 'శుభ్రమైనది' అని కొందరు అంటారు. అది తప్పు. సంలీనంలో బయటికొచ్చే న్యూట్రాన్లు చాలా వేగంగా ఉంటాయి. మామూలుగా శృంఖల చర్యకు పనికిరాని యురేనియం-238ను కూడా అవి చీల్చగలవు. బాంబు చుట్టూ ఆ యురేనియం పొర ఉంటే చివర్లో మళ్ళీ విచ్ఛిత్తే. మైక్ శక్తిలో నాలుగింట మూడు వంతులు, బ్రావో శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు ఇలా విచ్ఛిత్తి నుంచి వచ్చినవే. స్ట్రాన్షియం-90, సీజియం-137 లాంటివి అక్కడే పుడతాయి, అవి సగానికి తగ్గడానికే సుమారు 30 ఏళ్ళు పడుతుంది. అంటే పేరు హైడ్రోజన్ బాంబైనా విషమంతా పాత అణుబాంబుదే, కొన్ని వందల రెట్లు ఎక్కువగా.

బ్రావో తర్వాత నెల తిరగ్గానే, 1954 ఏప్రిల్ 2న, నెహ్రూ లోక్‌సభలో నిలబడి ఈ పరీక్షలు వెంటనే ఆపాలని అడిగారు. అలా అడిగిన మొదటి ప్రభుత్వాధినేత ఆయనే. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలను నిషేధించే ఒప్పందం 1963లో కుదిరింది. దానికి ముందు 1961 అక్టోబరు 30న సోవియట్ యూనియన్ తన ఆర్కిటిక్ దీవులైన నోవాయా జెమ్ల్యా మీద పేల్చిన జార్ బాంబు 50 మెగాటన్నులది. దాన్ని 100 మెగాటన్నులకు తయారుచేసి, యురేనియం పొర బదులు సీసం పెట్టి సగానికి తగ్గించారు. పైకప్పు లేదని నేనన్నది దీన్నే. దాని రూపకర్తల్లో ఒకరైన ఆంద్రే సఖరోవ్ తర్వాత అణుపరీక్షలకు ఎదురు తిరిగి, 1975లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు.

ఇక రెండో ప్రశ్న, వెయ్యి రెట్లు శక్తి అంటే ఎంత దూరం?

హిరోషిమా 15 కిలోటన్నులు, బ్రావో 15 మెగాటన్నులు. సరిగ్గా వెయ్యి రెట్లు. పేలుడు గాలి అన్ని దిక్కులకూ, పైకీ కిందికీ కూడా పోతుంది. అది నింపేది ఘనపరిమాణాన్ని. అందుకే దూరం శక్తికి ఘనమూలంగా పెరుగుతుంది. వెయ్యికి ఘనమూలం ఎంత? పది. అంటే పదిరెట్లు దూరం. వైశాల్యమైతే పదికి వర్గం, వంద రెట్లు.

హిరోషిమాలో దాదాపు 1.6 కిలోమీటర్ల వ్యాసార్థంలో భవనాలు నేలమట్టమయ్యాయి. మన పాత బస్టాండు దగ్గర కంపాస్ ముల్లు పెట్టి పటం మీద ఆ వృత్తం గీయండి. పట్నం నడిబొడ్డు పోతుంది, సుమారు 8 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడు 16 కిలోమీటర్ల వృత్తం గీయండి. బరంపురం అంతా, ఎంకేసీజీ ఆసుపత్రి, రైల్వే స్టేషను, రంగైలుండా ఎయిర్‌స్ట్రిప్, గోపాల్‌పూర్ ఒడ్డు, మధ్యలోని పల్లెలన్నీ లోపలే. ఛత్రపురం, ఇచ్ఛాపురం కాస్త బయట పడతాయి. 800 చదరపు కిలోమీటర్లు. మొదటి వృత్తంలో ఊరు దెబ్బతింటే పక్క ఊరి నుంచి మనిషి వస్తాడు, నీళ్ళు వస్తాయి, డాక్టరు వస్తాడు. రెండో వృత్తంలో ఆ పక్క ఊరే ఉండదు. వెయ్యి రెట్ల శక్తి వంద రెట్ల వైశాల్యమే కదా అని ఊరట పడేవాళ్ళకు నేను చెప్పేది ఇదే.

ఇంతటితో అయిపోలేదు. ఇది పేలుడు గాలి లెక్క మాత్రమే. వేడి ఇంకా దూరం పోతుంది. చిన్న బాంబులో గోడలు కూలే దూరం, ఒళ్ళు కాలే దూరం దగ్గరదగ్గరగా ఉంటాయి. మెగాటన్నుల స్థాయికి వచ్చేసరికి ఒళ్ళు కాలే దూరం గోడలు కూలే దూరాన్ని బాగా దాటిపోతుంది. ఇల్లు నిలిచిన చోట కూడా మనిషి మిగలడు.

ఈ ఘనమూలం లెక్క సైన్యాలకు బాగా తెలుసు. ఒక మెగాటన్ను బాంబు ఒకటి వేసే బదులు, 100 కిలోటన్నులవి పది వేరువేరు చోట్ల వేస్తే మొత్తం శక్తి అంతే, కూలే వైశాల్యం మాత్రం రెట్టింపు దాటుతుంది. ఇంటికెళ్ళి మీరే వేసి చూడండి. అందుకే పెద్ద పెద్ద బాంబులు తగ్గాయి, ఒక క్షిపణి మీద అనేక వార్‌హెడ్లు, అంటే క్షిపణి మోసుకెళ్ళే బాంబులు, వచ్చాయి. అమెరికా జలాంతర్గాముల్లోని వార్‌హెడ్లు ఎక్కువగా 90 నుంచి 475 కిలోటన్నులవి. "ఇప్పుడు బాంబులు చిన్నవయ్యాయి" అని ఎవరైనా అంటే అది శుభవార్త అనుకోకండి. 90 కిలోటన్నులన్నా హిరోషిమాకు ఆరు రెట్లు. ప్రపంచంలో ఇవాళ సుమారు 12 వేల వార్‌హెడ్లు ఉన్నాయి.

ఇక మీరు అడగండి.

ప్రశ్న: మాస్టారూ, మన దేశం దగ్గర హైడ్రోజన్ బాంబు ఉన్నట్టా, లేనట్టా?

1974 మే 18న పోఖ్రాన్‌లో చేసింది విచ్ఛిత్తి పరీక్ష. 1998 మే 11న పేల్చిన వాటిలో ఒకటి హైడ్రోజన్ బాంబు అని, 45 కిలోటన్నులు వచ్చిందని అణుశక్తి సంస్థ శాస్త్రవేత్తలు ప్రకటించారు. దగ్గర్లోని ఖేతోలాయ్ ఊరు దెబ్బతినకూడదని శక్తిని కావాలనే తగ్గించామన్నారు. ఆ పరీక్షల్లో పాల్గొన్న డీఆర్డీఓ శాస్త్రవేత్త కె. సంతానం 2009లో అది అనుకున్నంత పేలలేదని బహిరంగంగా అన్నారు. అణుశక్తి సంస్థ శాస్త్రవేత్తలు ఆర్. చిదంబరం, అనిల్ కాకోద్కర్ దాన్ని ఖండించారు. రెండు వైపుల మాటలూ చదువు బాబూ. ఒకటి మాత్రం గమనించు, 45 కిలోటన్నులంటే హిరోషిమాకు మూడు రెట్లు. విచ్ఛిత్తి అయినా సంలీనం అయినా, కింద ఉన్న ఊరికి ఆ వాదంతో పనిలేదు.

ప్రశ్న: ఫైలిన్ తుపానుకు ఎక్కువ శక్తి ఉందా, హైడ్రోజన్ బాంబుకా?

ఫైలిన్‌కే తల్లీ, సందేహం లేదు. ఒక పెద్ద తుపాను ఒక్క రోజులో విడుదల చేసే వేడి ముందు జార్ బాంబు చాలా చిన్నది. కానీ తుపాను ఆ శక్తిని వందల కిలోమీటర్ల మేర, రోజుల తరబడి ఖర్చు చేస్తుంది. బాంబు సెకనులో చిన్న భాగంలో, ఒకే చోట. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోపే లక్షల మందిని తరలించారు, ప్రాణనష్టం చాలా తగ్గింది. క్షిపణికి ఖండం దాటడానికి అరగంట. మన ఉపఖండంలో అయితే కొన్ని నిమిషాలే. ఆ టైములో ఏ కలెక్టరూ ఊళ్ళు ఖాళీ చేయించలేడు.

ప్రశ్న: కొవ్వాడలో అణు కరెంటు కేంద్రం కడతామంటున్నారు కదా, అది బాంబులా పేలుతుందా?

పేలదు. అలాంటి రియాక్టర్లలో యురేనియం-235 మూడు నుంచి ఐదు శాతం. బాంబుకు 90 శాతం దాకా కావాలి. రియాక్టరు ప్రమాదాలు వేరే రకం, 1986లో చెర్నోబిల్‌లో జరిగినట్టు ఆవిరి, మంటలు, రేడియోధార్మికత లీకు. వాటి గురించి అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి, అడగాలి కూడా. కానీ బాంబు భయంతో కలిపేస్తే అసలు ప్రశ్నలు పక్కకు పోతాయి.

ప్రశ్న: మాది ఛత్రపురం దగ్గర ఊరండీ. ఓస్కామ్ వాళ్ళు తీసే ఇసుకలో బాంబు సరుకు ఉందంటారు, నిజమేనా?

ఓస్కామ్ అంటే ఛత్రపురంలో తీరపు ఇసుక నుంచి ఖనిజాలు తీసే ప్రభుత్వ సంస్థ. ఆ ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, మోనజైట్‌లో థోరియం అనే రేడియోధార్మిక లోహం ఉంది. అది నిజం. మన గంజాం తీరానికి, కేరళ తీరానికి ఆ పేరు ఎప్పటి నుంచో ఉంది. కానీ థోరియం తనంతట తాను శృంఖల చర్య నడపలేదు. దాన్ని రియాక్టరులో పెట్టి న్యూట్రాన్లు తగిలిస్తే, కొంత కాలానికి అది యురేనియం-233 అవుతుంది. ఆ యురేనియం చీలుతుంది. హోమీ భాభా మూడు దశల పథకంలో చివరి దశ అదే, ఉద్దేశం కరెంటు. యురేనియం-233తో నడిచే కామిని అనే చిన్న పరిశోధన రియాక్టరు కల్పాక్కంలో 1996లో మొదలైంది. అలాంటి రియాక్టరు ఛత్రపురంలో లేదు. అన్నా, మీ ఊరి ఇసుక దానంతట అది పేలదు, రాత్రి నిశ్చింతగా పడుకోండి. ఇసుక తవ్వకం వల్ల తీరానికి, భూములకు ఏమవుతోందన్నది మాత్రం వేరే ప్రశ్న. దానికి ఇవాళ టైము చాలదు.

ఘనమూలం లెక్క అర్థం కాని పిల్లలు బోర్డు దగ్గరికి రండి, 100 కిలోటన్నుల బాంబులు పది వేసిన లెక్క కలిసి చేద్దాం.